హాలు ఎవరు కట్టాలి?

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు: ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు, అదే బడిలో పీఈటీ మేడమ్. ఇద్దరూ కల్పితం. వాళ్ళు వాదించుకునే పుల్లెల గోపీచంద్ జీవితం మాత్రం అందరి కళ్ళెదుటా జరిగింది. మామూలుగా అయితే ఆటను వెనకేసుకొచ్చేది పీఈటీ, చదువును వెనకేసుకొచ్చేది లెక్కల మాస్టారు. ఇక్కడ అది తారుమారైంది, కావాలనే తారుమారు చేశాను. పట్టుదల కథలంటే ఆటను దూరం నుంచి చూసేవాళ్ళకే మోజెక్కువని, రోజూ గ్రౌండులో నిలబడేవాళ్ళు త్వరగానే లెక్కల్లోకి దిగుతారని నా అనుమానం. 2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక పత్రిక ఇంటర్వ్యూలో, డబ్బున్న కుటుంబమైతే తప్ప పిల్లల్ని పూర్తిగా ఆటల్లోకి దింపొద్దని తల్లిదండ్రులకు చెప్పాడు. పెద్ద దుమారమే రేగింది. వీళ్ళ వాదన కూడా అక్కడే మొదలైంది.

మాస్టారు: ఆ మాట ఇంకెవరైనా అనుంటే పట్టించుకునేవాణ్ణి కాదు మేడమ్. గోపీచంద్ నోట రావడమే నాకు మింగుడు పడడం లేదు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన మధ్యతరగతి కుర్రాడు. 1994లో పుణె నేషనల్ గేమ్స్‌లో డబుల్స్ ఆడుతూ తన జోడీ ఆటగాణ్ణే గుద్దుకుని మోకాలు పాడుచేసుకున్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు. ఇక అయిపోయిందన్నారు అందరూ. ఆపరేషన్లు చేయించుకున్నాడు, నడక దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు, 1996 నుంచి 2000 దాకా వరసగా అయిదేళ్ళు జాతీయ చాంపియన్‌గా నిలిచాడు. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇండోనేసియా ఆటగాడు హెంద్రావన్ చేతిలో ఓడాక కూడా ఆగలేదు. ఆర్నెల్లలో, 2001 మార్చిలో, బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ సెమీస్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్ పీటర్ గేడ్‌ను, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. 1980లో ప్రకాశ్ పడుకోన్ గెలిచాక మనవాళ్ళలో మళ్ళీ ఆ కప్పు పట్టుకున్నది ఇతనే. ఇంత చేసినవాడు ఇప్పుడు పేదింటి పిల్లలకు గేటు దగ్గర నిలబడి వెనక్కి వెళ్ళిపొమ్మంటే ఏమనాలి? ఆ మాటకు మొదటి ఎదురు సాక్ష్యం ఆయన జీవితమే కదా.

మేడమ్: ఆయన జీవితం ఎదురు సాక్ష్యం కాదు మాస్టారూ, ఆ మాటకు ఆధారమే అది. ముందు మోకాలి సంగతి చూద్దాం, మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య, కీలు లోపల, ఐమూలగా ఒక లిగమెంట్ ఉంటుంది. ఏసీఎల్ అంటారు. కింది ఎముక ముందుకు జారిపోకుండా పట్టుకునేది అదే. షటిల్‌లో నెట్ దగ్గర డ్రాప్ అందుకోవడానికి కుడిచేతి ఆటగాడు కుడికాలు చాచి దూకుతాడు. మడమ నేలకు తగుల్తుంది, మోకాలు వంగుతుంది, ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఆ కీలు మీద పడుతుంది, మరుక్షణమే అదే కాలితో నేలను తన్ని వెనక్కి రావాలి. ఒక్క మ్యాచ్‌లోనే ఇది వందలసార్లు. ఆ లిగమెంట్ తెగితే దానంతటది అతుక్కోదు. ఒంట్లోనే ఇంకోచోట నుంచి నరం లాంటి కండరం కొస తీసి, ఎముకకు బెజ్జం వేసి బిగిస్తారు. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. అంతా సవ్యంగా జరిగినా కాలు మునుపటిలా నమ్మకమిస్తుందన్న పూచీ లేదు, 1994 నాటి వైద్యంతో మరీ లేదు. ఆయన పట్టుదలను నేను తక్కువ చేయడం లేదు. ఆ పట్టుదల అంతా ఉండి కూడా మోకాలు తిరిగిరాని వాళ్ళ సంగతే అడుగుతున్నాను. వాళ్ళ పేర్లు మీకు తెలియవు, నాకూ తెలియవు. గెలిచినవాడి దగ్గర పట్టుదల చూసి గెలుపుకు అదే కారణమంటే, ఓడినవాళ్ళ దగ్గర ఎంతుందో కొలవకుండానే అంటున్నట్టు. లెక్కల మాస్టారు మీరు, ఇది నేను చెప్పాలా?

మాస్టారు: చెప్పక్కర్లేదు, ఒప్పుకుంటున్నాను. మోకాలు బాగుపడడంలో అదృష్టం పాలుంది. కానీ నా అసలు వాదన ఆట గురించి కాదు, ఆ తర్వాతి జీవితం గురించి. అక్కడ అదృష్టం మాట చెల్లదు. ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చాక ఒక కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటన తలుపు తట్టింది. తాను తాగనిది పిల్లల్ని తాగమనలేనని వద్దన్నాడు. చేతిలో డబ్బు ఆడుతున్న రోజుల్లో వద్దనలేదు, అవసరం ఉన్న రోజుల్లో వద్దన్నాడు. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు లీజుకిచ్చింది. స్థలం ఉంది, పైసా లేదు. తన ఇల్లు తాకట్టు పెట్టాడు. నిమ్మగడ్డ ప్రసాద్ అయిదు కోట్లిచ్చారు. 2008లో అకాడమీ తలుపులు తెరిచింది. ఆ గోడల మధ్య నుంచి 2012 లండన్‌లో సైనా కాంస్యం, 2016 రియోలో సింధు రజతం వచ్చాయి. 2018లో శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో శ్రీకాంత్, ప్రణయ్, అమలాపురం సాత్విక్ ఆ హాల్లో చెమటోడ్చినవాళ్ళే. ఇల్లు తాకట్టు పెట్టినవాడి పట్టుదల కాకపోతే ఇదంతా ఏమిటి? ఇల్లు తాకట్టు పెట్టడం కూడా అదృష్టమేనా?

మేడమ్: మీరు చెప్పిన ఆ కథలోనే ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళను ఒకసారి పక్కన నిలబెట్టి చూడండి. సిడ్నీలో గోపీచంద్‌ను ఓడించిన హెంద్రావన్ ఆట మానేశాక కోచ్ అయ్యాడు, తర్వాత మలేసియా వెళ్ళి లీ చాంగ్ వెయ్ లాంటివాడికి శిక్షణ ఇచ్చాడు. బర్మింగ్‌హామ్‌లో గోపీచంద్ చేతిలో ఓడిన పీటర్ గేడ్ రిటైరయ్యాక ఫ్రాన్స్ జట్టుకు కోచ్‌గా వెళ్ళాడు. ముగ్గురూ ఒకే కాలంవాళ్ళు, ముగ్గురూ ఒకే స్థాయివాళ్ళు, ముగ్గురూ చివరికి చేసింది ఒకే పని, తమకు తెలిసిన విద్య పిల్లలకు నేర్పడం. తేడా ఎక్కడుంది? ఆ ఇద్దరూ అప్పటికే ఉన్న హాల్లోకి, ఉన్న ఉద్యోగంలోకి అడుగుపెట్టారు. కోర్టులున్నాయి, ఫిజియోలున్నారు, జీతమిచ్చే ఫెడరేషన్ ఉంది. ఇతను మాత్రం ముందు హాలు కట్టుకోవాలి, ఆ తర్వాతే కోచ్ కావాలి. స్థలం కోసం సచివాలయం మెట్లెక్కాలి, సిమెంటు బిల్లు చూసుకోవాలి, దాతను ఒప్పించాలి. 2006 నుంచి జాతీయ జట్టుకు ముఖ్య కోచ్‌గా ఉన్న మనిషి అకాడమీ గోడలు లేపడానికి ఇల్లు తాకట్టు పెట్టుకున్నాడంటే, మీకు అందులో ఒక వీరుడు కనిపిస్తున్నాడు. నాకు కనిపిస్తున్నది ఒక ఖాళీ. ఆ ఖాళీని ఒక మనిషి తన సొంత ఇంటితో పూడ్చాడు. అది గొప్పే. కానీ దాన్ని పొగిడిన ప్రతిసారీ ఖాళీ సంగతి మర్చిపోతున్నాం.

మాస్టారు: ఖాళీ పూడ్చే బాధ్యత ప్రభుత్వానికి వదిలేసి ఉంటే ఏమయ్యేదో మీకు తెలియంది కాదు. మన జిల్లాల్లో ఇండోర్ స్టేడియాల గతి చూడండి. తాళం ఒకరి దగ్గర, బల్బులు ఇంకొకరి దగ్గర, పెళ్ళి రిసెప్షన్లకు మాత్రం రెడీ. కట్టడం ఎవరైనా కడతారు మేడమ్. తెల్లవారుజామున వచ్చి షటిళ్ళ గొట్టం విప్పే మనిషి కావాలి. మల్టీ షటిల్ ప్రాక్టీసు చూశారుగా. కోచ్ ఎడమ చెయ్యి మీద షటిళ్ళు వరసగా పేర్చుకుని, ఒకటి వెనక ఒకటి, ఒకసారి నెట్ దగ్గరికి, ఒకసారి వెనక గీతకు వేస్తూనే ఉంటాడు. ఆటగాడికి ఊపిరి సలపదు. పదహారు ఈకలు, అయిదు గ్రాముల బరువు, నాలుగు దెబ్బలకే ఈక విరుగుతుంది, కింద నేలంతా తెల్లగా పరుచుకుంటుంది. వేసేవాడి భుజం కూడా లాగేస్తుంది. ఒక ఆల్ ఇంగ్లండ్ చాంపియన్ తానే నిలబడి ఏళ్ళ తరబడి అలా వేశాడు. ఏ జీవో తెస్తుందండీ ఆ పని? వ్యవస్థ వ్యవస్థ అంటారు, వ్యవస్థలో కూడా చివరికి ఒక మొండి మనిషి ఉండాల్సిందే.

మేడమ్: ఉండాల్సిందే. కానీ ఆ మొండి మనిషి ఒక్కడే ఉంటే దానికో ధర ఉంది, అదీ మనం చూశాం. ఆయనే జాతీయ ముఖ్య కోచ్, ఆయనదే అకాడమీ. జట్టు ఎంపికలో మాట ఆయనది, హాలు తాళం ఆయనది. డబుల్స్‌ను పట్టించుకోవడం లేదని గుత్తా జ్వాల బహిరంగంగానే విమర్శించింది. 2014లో సైనా బెంగళూరు వెళ్ళి విమల్ కుమార్ దగ్గర శిక్షణ తీసుకుంది, 2017లో తిరిగి వచ్చింది. తర్వాత ఆయన కూతురు గాయత్రి జాతీయ జట్టుకు ఆడే స్థాయికి వచ్చింది. ఆ అమ్మాయి ట్రీసా జాలీతో కలిసి ఆల్ ఇంగ్లండ్ సెమీస్‌కు రెండేళ్ళు వరసగా వెళ్ళింది కాబట్టి ప్రతిభ మీద అనుమానం లేదు. అయినా జట్టు ఎంపికలో మాట తండ్రిదైనప్పుడు ప్రశ్న ప్రశ్నే.

ఇక్కడ రాసేవాడిగా నేనొక మాట కలపాలి. ఆ వివాదాల్లో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది ఈ వ్యాసం తేల్చదు, తేల్చాల్సిన అవసరమూ లేదు. మేడమ్ వాదనకు కావలసింది అంతకన్నా చిన్నది. ఒకే మనిషి సొంత ఇంటిని కుదువ పెట్టి కట్టిన చోట ఇలాంటి ప్రశ్నలు రాక తప్పదు. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే. నాలుగైదు హాళ్ళు, నలుగురైదుగురు కోచ్‌లు ఉన్న ఊళ్ళో ఒక ఆటగాడు ఒక కోచ్‌ను వదిలి ఇంకొకరి దగ్గరికి పోవడం వార్త కూడా కాదు. ఇక్కడ మాత్రం అది కుటుంబ కలహంలా పత్రికలకెక్కింది. మాస్టారు ఇప్పుడు తన దగ్గరున్న గట్టి అభ్యంతరం తీస్తున్నారు, దాన్ని ఆయన మాటల్లోనే వినడం న్యాయం.

మాస్టారు: సరే, వ్యవస్థ లోపం ఉందనే అనుకుందాం. అయితే గోపీచంద్ చెప్పింది వ్యవస్థను బాగుచేయమని కాదు, డబ్బు లేకపోతే రావొద్దని. దీని ఫలితం ఏమిటో ఆలోచించారా? శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో ఒక రైల్వే పోలీసు ఇంటి పిల్ల, కరణం మల్లీశ్వరి. ఆ సలహా ఆ రోజుల్లో ఆ ఇంటికి చేరి, వాళ్ళు విని ఉంటే, 1994లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్ లేదు. 2000లో సిడ్నీలో, ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన మొదటిసారే, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి పతకం తెచ్చిన మొదటి భారతీయురాలు లేదు. చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 కిలోలు పెట్టించింది, ఆ బరువు నిలవలేదు. తృప్తి పడి కూర్చోకుండా అంత బరువడిగిన తెగువ ఎక్కణ్ణుంచి వచ్చింది? డబ్బున్న ఇంటి నుంచా? ఆటల్లోకి వచ్చేది డబ్బున్న పిల్లలే అయితే మనకు మిగిలేది టెన్నిసూ గోల్ఫూ. కబడ్డీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ ఎవరాడతారు?

మేడమ్: ఇది నిజంగా గట్టి ప్రశ్న, దీన్ని దాటేసి పోలేను. ఆ సలహాను అందరూ అక్షరాలా పాటిస్తే మీరన్నదే జరుగుతుంది, పేదింటి పిల్లలు ఆటల్లోంచి మాయమైపోతారు. అంతవరకు నేను మీ పక్షమే. కానీ మల్లీశ్వరి కథను కూడా పతకం దగ్గర ఆపకండి. పెళ్ళయ్యాక ఆమె హర్యానా యమునానగర్ వెళ్ళింది, ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేసింది, పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పడం కూడా అక్కడే మొదలుపెట్టింది. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ అయింది. ఆ చేతులకు తెలిసిన విద్య ఆమదాలవలసకు ఎంత అందింది? ఆమెను తప్పుపట్టడానికి అనడం లేదు. ఎక్కడ ఉద్యోగం, ఎక్కడ చోటు దొరికితే మనిషి అక్కడ స్థిరపడతారు. ఆమె రెండో జీవితాన్ని నిలబెట్టినవాటిలో తెగువ ఒక్కటే లేదు, నెల నెలా జీతమిచ్చే ప్రభుత్వ రంగ సంస్థ కూడా ఉంది. మన దేశంలో దశాబ్దాలుగా ఆటను మోసినది అదే: రైల్వేలు, పోలీసు, బ్యాంకులు, ఆయిల్ కంపెనీలు. పేదింటి పిల్ల ఆటలోకి రాగలిగిందంటే, ఆ చివర ఒక ఉద్యోగం ఉందన్న ఆశ వల్ల. గోపీచంద్ ఆ ఇంటర్వ్యూలో ఎత్తి చూపింది ఆ ఆశ ఎంత పలచనో. దేశానికి ఆడినవాడు ఆట అయ్యాక చిన్న ఉద్యోగంలో చేరి, ఆట తెలియని అధికారి ముందు చేతులు కట్టుకు నిలబడాల్సి వస్తోందన్నాడు. దాన్ని మీరు సలహాగా విన్నారు. నేను ఫిర్యాదుగా విన్నాను.

మాస్టారు: ఫిర్యాదైతే ప్రభుత్వానికి చెయ్యాలి, తల్లిదండ్రులకు కాదు. పైగా ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. సింధుకూ శ్రీకాంత్‌కూ ఆంధ్రప్రదేశ్ డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగాలిచ్చింది. నిఖత్ జరీన్‌కూ సిరాజ్‌కూ తెలంగాణ డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది.

మేడమ్: మీరు చెప్పిన నలుగురూ ప్రపంచానికి తెలిసినవాళ్ళు. వాళ్ళకు ఆ ఉద్యోగం గౌరవం, అవసరం కాదు. రాష్ట్ర స్థాయిలో క్వార్టర్స్‌లో ఓడిన పిల్లకు అది అవసరం, ఆమెకు రాదు. కేంద్రం ఇచ్చే క్రీడాకారుల పెన్షన్ కూడా అంతర్జాతీయ పతకం గెలిచినవాళ్ళకే. అంటే పతకం వచ్చినవాడికి పతకంతోపాటు భవిష్యత్తు కూడా ఇస్తున్నాం, రానివాడి దగ్గర రెండూ లాక్కుంటున్నాం. 2024 ఆగస్టులో కేంద్రం రిటైరైన క్రీడాకారులకు వేరే పనుల్లో శిక్షణ ఇవ్వడానికి రీసెట్ అనే పథకం మొదలుపెట్టింది. జాతీయ, రాష్ట్ర స్థాయి వాళ్ళను కూడా అందులో కలిపారు. మంచిదే. అయినా అది ఆట అయిపోయాక అందే సాయం. పదమూడేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా బడి, కాలేజీ అన్నీ వదిలి కోర్టులో గడిపినవాడికి ఆ తర్వాత కొన్ని నెలల కోర్సు ఇస్తామంటే, అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆట సాగుతున్నప్పుడే పక్కన చదువో, పనో నడవాలి. నా వాదన మొత్తం ఇంతే.

మాస్టారు: ఇక్కడే మీతో పూర్తిగా విభేదిస్తాను. పై స్థాయి ఆట రెండో పనిని సహించదు. రియోకు ముందు గోపీచంద్ సింధు ఫోను మూడు నెలలు తీసేసుకున్నాడు, ఐస్‌క్రీమ్ ముట్టనివ్వలేదు. ఫోనుకే చోటు లేని చోట మీరు డిగ్రీ పరీక్షలు పెడతానంటున్నారు. ఓడినా పర్లేదు, ఉద్యోగం ఉందిలే అన్న ధీమా వచ్చిన రోజున ఆటగాడు చివరి షటిల్‌కు దూకడు. ఇంకో దారి లేకపోవడమే మనిషిని అంత దూరం తీసుకెళుతుంది. గోపీచందే సాక్ష్యం. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ పోవడం తన అదృష్టమని ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

మేడమ్: మీరెంచుకున్న ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోంది. రియో ఫైనల్ ఆడేనాటికి సింధు భారత్ పెట్రోలియంలో ఉద్యోగి. 2013 నుంచే. మెహదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీలో చదువుకుంది కూడా. ఆ ధీమా ఉండి కూడా కరోలినా మారిన్ మీద మొదటి గేమ్ 21-19తో గెలిచి, మూడో గేమ్ దాకా పోరాడింది. 2019 బాసెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేసింది. జీతం ఆమె ఆకలిని ఎక్కడ చంపింది? పీటర్ గేడ్ దేశం డెన్మార్క్ చూడండి. జనాభాలో మన హైదరాబాద్ అంత ఉండదు. అక్కడ పై స్థాయి ఆటగాళ్ళు చదువూ ఆటా రెండూ సాగించేలా టీమ్ డెన్మార్క్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పాట్లు చేస్తుంది. అంత చిన్న దేశం చైనా, ఇండోనేసియాల మధ్య దశాబ్దాలుగా నిలబడిందంటే, దారి ఇంకొకటి ఉండడం ఆటను మెత్తబరచదనే కదా. ఫోను సంగతంటారా, అది మూడు నెలల మాట. దృష్టి చెదరకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను. ఒక టోర్నమెంటు ముందు మూడు నెలలు వేరు, బాల్యమంతా వేరు. ఇంకో దారి లేకపోవడమే మనిషిని ముందుకు తోస్తుందన్నారు. ఎంతమందిని తోసిందో, వాళ్ళలో ఎంతమంది కిందపడ్డారో చెప్పకుండా ఆ మాట అనకూడదు.

మాస్టారు: అయినా మీరు ఒకటి మర్చిపోతున్నారు. గచ్చిబౌలి నుంచి పతకాలు తేని పిల్లలు కూడా బయటికొచ్చారు. ఇవాళ హైదరాబాద్‌లో ఏ పెద్ద అపార్ట్‌మెంట్ చూసినా ఒక షటిల్ కోర్టు, సాయంత్రం నేర్పే ఒక కుర్ర కోచ్. ఈ గిరాకీ ఎక్కణ్ణుంచి పుట్టింది? సైనా, సింధు గెలవడం వల్ల. వాళ్ళెలా గెలిచారు? ఒకడు ఇల్లు తాకట్టు పెట్టడం వల్ల. మీరడిగే ఆ రెండో దారిని కూడా చివరికి ఆ మొండితనమే తెరిచింది.

మేడమ్: తెరిచింది, కాదనను. నా వాదనకు మీరిచ్చిన అన్ని సమాధానాల్లో ఇదొక్కటే నన్ను ఆలోచనలో పడేస్తోంది. పతకం గెలవని ఆటగాడికి ఆటలోనే బతుకుతెరువు పుట్టిందంటే, అది గోపీచంద్ కట్టిన వాటిలో హాలు కంటే పెద్దది కావచ్చు. కానీ ఆ కుర్ర కోచ్‌కు జీతమెంత, మోకాలు పోతే బీమా ఉందా, ముప్పయ్యయిదేళ్ళకు ఏం చేస్తాడు అన్నది ఎవరూ రాసిపెట్టడం లేదు. అకాడమీలు, ఫెడరేషన్లు గోడ మీద పతకాల పట్టిక పెడతాయి. దాని పక్కనే ఇంకో పట్టిక పెట్టమంటాను: ఏ ఏడు ఎంతమంది చేరారు, ఏ వయసులో ఎంతమంది మానేశారు, వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు. గోపీచంద్ తల్లిదండ్రులకు నోటితో చెప్పిన మాటను అంకెల్లో చూపించమంటున్నాను.

మాస్టారు: ఆ పట్టిక చూస్తే సగంమంది పిల్లల్ని మాన్పించి ఇంటికి తీసుకుపోతారు. రేపటి సింధు ఆ సగంలోనే ఉండొచ్చు.

మేడమ్: ఉండొచ్చు. ఇప్పుడు మాత్రం తెలియక చేర్చేవాళ్ళు, తెలిసి చేర్చేవాళ్ళు కలిసిపోయి ఉన్నారు. పట్టిక పెట్టాక చేర్చేవాళ్ళు పిల్ల చేతికి రాకెట్ ఇచ్చిన రోజే పదో తరగతి పరీక్ష ఎలా రాయించాలో కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేని అకాడమీకి పిల్లలు తగ్గుతారు, ఉన్నదానికి పెరుగుతారు. మీరు భయపడుతున్న సగం గురించి నాకంత బెంగ లేదు మాస్టారూ. మిగతా సగానికి టైంటేబుల్ ఎవరు వేస్తారు, హాజరు ఎవరిస్తారు, పరీక్ష తేదీకీ టోర్నమెంటు తేదీకీ ఎవరు సర్దుబాటు చేస్తారు అన్నదే నా బెంగ. మన బడిలో అయితే అది మీరూ నేనూ కూర్చుని హెడ్మాస్టర్ని ఒప్పిస్తే అయ్యే పని.